జాలీ దాటిన చెయ్యి

ఫుజైరాలో మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ, చర్చిలో పరిచయమైన ప్రతివాళ్లూ టీ గ్లాసు చేతికి అందగానే అడిగే ప్రశ్న ఒక్కటే. "సజ్జాలో అంత మంచి ఉద్యోగం కదమ్మా. మిషన్లన్నీ యూరప్ వెళ్లే ఫ్యాక్టరీ, సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ అని పేరు. అది వదిలేసి ఈ కొండల్లో, ఈ దుమ్ములో, రాళ్లు పిండి చేసే క్వారీకి ఎందుకొచ్చాడు మీ ఆయన?" నేను వంటింట్లోంచి "పిరికితనం వల్ల వచ్చాడు" అంటాను. వాళ్లు నవ్వుతారు. నిజం చెబుతుంటే నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అందుకే మొత్తం ఒకసారి చెప్పేస్తాను, ఇక నన్ను అడగొద్దు.

మా ఆయన పేరు సిలాస్. మాది రాజోలు వైపు లంక గ్రామం. గోదావరి ఒడ్డున పుట్టి కూడా పడవెక్కితే కళ్లు మూసుకునే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చేసుకున్నాను. ఉరుమంటే భయం, కుక్కంటే భయం, సూదంటే మరీ భయం, పైగా చేసుకున్నది నర్సుని. గ్యాస్ సిలిండర్ కట్టేశాక వెనక్కొచ్చి చూస్తాడు, తలుపు తాళం వేశాక మెట్లు దిగి మళ్లీ ఎక్కి చూస్తాడు. షార్జా రోలాలో రోడ్డు దాటాలంటే నా మణికట్టు పట్టుకుంటాడు. నన్ను దాటించడానికి కాదు, తను దాటడానికి. చిన్నప్పుడు ఏదో ఘోరం చూసి ఉంటాడని మా అమ్మ జాలిపడేది. ఏమీ చూడలేదు. ఆ మనిషి తయారీయే అలాంటిది.

నేను 2002లో షార్జాలో ఒక ఆసుపత్రికి నర్సుగా వచ్చాను, క్యాజువాలిటీలో డ్యూటీ. మరుసటి ఏడాది ఆయన వచ్చాడు. ఐటీఐ ఫిట్టర్ కాబట్టి షార్జా ఊరవతల సజ్జాలో ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. అట్టపెట్టెలను నొక్కి మోపులు కట్టే ప్రెస్సులు చేస్తారక్కడ. పెద్ద పెద్ద దుకాణాల్లో సామాను ఖాళీ అయ్యాక మిగిలే అట్టపెట్టెలు గుట్టలు గుట్టలుగా ఉంటాయి కదా, వాటిని ఈ మిషన్లో పడేస్తే పైనుంచి ఒక ఇనుప పలక దిగి నలిపి మోపు చేస్తుంది. మిషన్ బీరువాకి అన్నలా ఉంటుంది. అట్టలు వేసే చోట ముందువైపు ఒక జాలీ తలుపు. ఆ తలుపు వేస్తేనే పలక దిగాలి, తెరిస్తే అక్కడికక్కడ ఆగాలి. అది యూరప్ వాళ్ల రూలు. ఆ రూళ్లన్నీ పాటిస్తే తప్ప మిషన్ మీద సి.ఇ. అనే రెండక్షరాల గుర్తు అంటించకూడదు, ఆ గుర్తు లేకపోతే అక్కడ అమ్మకూడదు.

ఫ్యాక్టరీ ముదీర్, అంటే మేనేజర్, హయాత్ బాషా గారు. కడప మనిషి, మాకు తెలుగు ముదీర్ దొరకడం అదృష్టమే అనుకున్నాం. యూరప్ ఆర్డర్లు మొదలయ్యాక ప్రతి మిషన్‌నీ పరీక్షించి సంతకం పెట్టే మనిషి కావాల్సి వస్తే, షాపు ఫ్లోర్ అంతా చూసి ఆయన మా ఆయన్నే ఏరుకున్నాడు. ఎందుకో తెలుసా? భయస్తుడు ఎదురు చెప్పడు, పెట్టమన్నచోట సంతకం పెడతాడు అని. నాకీ సంగతి బాషా గారే తర్వాత చెప్పాడు, సిగ్గుపడకుండా.

తీరా చూస్తే అంతా తారుమారైంది. మా ఆయన ముదీర్‌కి భయపడేవాడే గానీ, మిషన్‌కి ఇంకా ఎక్కువ భయపడేవాడు. పలక దిగుతుండగా జాలీ తెరిచి చూసేవాడు, ఆగిందా లేదా అని. ఆగితే, "ఏమో, ఇంకోసారి" అనేవాడు. బోల్టు వదులుగా ఉందని, వైరు ఒరుసుకుంటోందని మిషన్‌ని వెనక్కి పంపేవాడు. అక్కడి హిందీవాళ్లు, పఠాన్లు ఆయనకి డర్‌పోక్ ఇన్‌స్పెక్టర్, పిరికి ఇన్‌స్పెక్టర్ అని పేరు పెట్టారు. ఇంటికొచ్చి నాకు చెప్పుకుని బాధపడేవాడు. "మరి కాదా?" అనేదాన్ని నేను.

మొదటి మిషన్‌ని పరీక్షించడానికి జర్మనీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వారమంతా మా ఆయన్ని పక్కన పెట్టుకుని నేర్పాడు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాట మా ఆయనకి ముల్లులా గుచ్చుకుపోయింది. మిషన్ అమ్మేశాక కూడా అది మీదే, ప్రమాదం ఉందని మీకు తెలిస్తే కొన్నవాళ్లకీ అక్కడి ప్రభుత్వానికీ ఆ క్షణమే చెప్పాలి, తెలిసీ ఊరుకుంటే చెయ్యి నరికింది మీరే అన్నాడట. ఆ వేళ అన్నం సహించలేదు మా ఆయనకి. ఆ పెద్దాయన వెళ్తూ వెళ్తూ జాలీ కన్నాల్లో దూర్చి చూడటానికి ప్లాస్టిక్ వేళ్లు, ప్లాస్టిక్ చెయ్యి ఒక పెట్టెలో పెట్టి ఇచ్చి వెళ్లాడు. యూరప్ సరుకు, పోతే మళ్లీ దొరకదని బాషా గారు దాన్ని తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, పెళ్లికిచ్చిన డిన్నర్ సెట్టులో మనం ఎప్పుడైనా అన్నం తిన్నామా? అలా అది బీరువాలోనే ఉండిపోయింది. రోజువారీ పరీక్షకి మా ఆయన తన చెయ్యే వాడేవాడు.

2006 శీతాకాలం. జర్మనీ పెద్దాయన ఒప్పుకున్న సన్న కన్నాల జాలీ విదేశం నుంచి రావడం ఆలస్యమైంది. ఆర్డరు తొందరలో ఉంది. బాషా గారు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోనే కాస్త పెద్ద కన్నాల జాలీ తెప్పించి బిగించమన్నాడు. మా ఆయనకి అనుమానం వచ్చింది. కన్నంలో తన చెయ్యి పెట్టి చూశాడు. దూరలేదు. వెల్డింగ్ చేసే పఠాన్‌ని పిలిచి పెట్టమన్నాడు. దూరలేదు. బాషా గారూ పెట్టాడు, దూరలేదు. ఫ్యాక్టరీలో ఉన్న చేతులన్నీ అయ్యాయి. సరే అన్నాడు మా ఆయన. ఆ జాలీతో మూడు మిషన్లు పోర్చుగల్‌లో మూడు షాపులకి వెళ్లాయి.

నాలుగోది కంటైనర్ ఎక్కాల్సిన రోజు శుక్రవారం. ఇక్కడ ఆరాధన శుక్రవారమే. సెలవు రోజైనా లోడింగ్ ఉందని మా ఆయన ఫ్యాక్టరీకి పోయాడు. నేను షార్జాలో ఆరాధన ముగించుకుని, పొద్దున వండిన చేపల పులుసు క్యారియర్‌లో పెట్టుకుని, పట్టుచీర, చేతినిండా గాజులు, అలాగే టాక్సీ ఎక్కి సజ్జా వెళ్లాను. డ్యూటీలో గాజులు వేసుకోనివ్వరు కాబట్టి శుక్రవారం నా ముచ్చటంతా తీర్చుకుంటాను. గేటు పఠాన్ సలాం పెట్టి లోపలికి వదిలాడు. బాషా గారు బయట కంటైనర్ డ్రైవర్‌తో మాట్లాడుతున్నాడు. లోపల పెద్ద షెడ్డులో మా ఆయన ఒక్కడే, మిషన్ ఒక్కటే.

నేనెప్పుడూ ఆ మిషన్ని దగ్గరగా చూడలేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"రా హెప్సీ, చూడు. ఇదిగో, పలక దిగుతుందా, ఇప్పుడు తలుపు తీత్తాను. చూశావా? టక్కున ఆగిపోద్ది."

"అబ్బో, మీ కన్నా ఇదే నయం, చెప్పిన మాట వింటుంది" అన్నాను.

ఆయన నవ్వి, తలుపు మళ్లీ వేసి, స్విచ్చుల పెట్టె దగ్గరికి పక్కవైపు వెళ్లాడు. అక్కడ నిలబడితే ముందువైపు కనిపించదు. నూనె ఒత్తిడి చూపించే ముల్లు చూసుకుంటూ పచ్చ బటన్ నొక్కాడు.

నేను జాలీ ముందు నిలబడ్డాను. లోపల ఒక అట్టముక్క కొస వంకరగా వాలి ఉంది. చూడండి, వార్డులో దుప్పటి కొస వేలాడుతుంటే సర్దకుండా మంచం దాటిపోలేని చెయ్యి నాది. ఆ అట్టకొసని సరిగ్గా తోసేద్దామనిపించింది. అనిపించడం కూడా కాదు, చెయ్యే వెళ్లిపోయింది. గాజులు తొడుక్కునేటప్పుడు బొటనవేలు లోపలికి మడుస్తాం కదా, అలా మడిచాను. గాజులన్నీ ఇవతలే మోచేతి వైపు జరిగాయి, చెయ్యి మాత్రం కన్నంలోంచి సుతారంగా లోపలికి వెళ్లిపోయింది. మణికట్టు దాటింది. అట్టముక్క అందింది.

అప్పుడు పైన పలక కదిలింది.

వెనక్కి లాగాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. వెళ్లిన చెయ్యి రావడం లేదు. పలక అంచు నూనెతో మెరుస్తూ దిగుతోంది, తొందరేమీ లేదన్నట్టు నెమ్మదిగా, మోటారు గుర్రుమంటోంది. ఏవండీ అని అరుద్దామంటే గొంతులో తడి లేదు. మా క్యాజువాలిటీకి ఇండస్ట్రియల్ ఏరియాల నుంచి చేతులు వచ్చేవి. మనుషులు వచ్చేవారు అనాలి, కానీ అక్కడ పని చేసిన నాకు చేతులు అనే నోటికొస్తుంది. ఐస్ సంచీలో పెట్టి తెచ్చేవారు. అవన్నీ ఆ ఒక్క క్షణంలో నా కళ్ల ముందు తిరిగాయి. అప్పటికి కేక బయటికొచ్చింది. ఏమని అరిచానో నాకు తెలీదు, యేసయ్యా అన్నానని ఆయన అంటాడు.

పలక ఆగింది. ఆయన ఎర్ర బటన్ మీద గుద్దాడు. నా చేతికి పైన నాలుగు వేళ్ల ఎడం మిగిలింది.

ఆయన పరుగెత్తుకొచ్చి చూసి, గోడలా నిలబడిపోయాడు. తలుపు తెరుద్దామంటే నా చెయ్యి ఆ తలుపులోనే ఇరుక్కుని ఉంది. ఆపిన పలక జారదని ఆయనకి తెలుసు, అయినా ఆయనకి నమ్మకం లేదు. నేను లాగుతూనే ఉన్నాను, చర్మం ఒలిచుకుపోతోంది, నెత్తురు మోచేతి దాకా కారుతోంది.

"లాగకు" అన్నాడు. "హెప్సీ, లాగకే. భయంతో బిగపట్టేశావు, అందుకే రావట్లేదు. గాజులమ్మే ముసలమ్మ ఏమంటాది? చెయ్యి వదిలెయ్యమ్మా అంటాది కదా. ఆవిడ చేతిలో పెట్టినట్టు పెట్టెయ్. అట్టముక్క కూడా వదిలెయ్."

అప్పుడు తెలిసింది, నేనింకా ఆ దిక్కుమాలిన అట్టముక్కని పిడికిట్లో పట్టుకునే ఉన్నాను. వదిలాను. ఆయన నా వేళ్లకి తగిలేలా జాలీ మీద వేళ్లు ఆనించి, "అదీ, అదీ, మెత్తగా" అంటూ ఉంటే చెయ్యి ఇవతలికి వచ్చింది. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. భయంతో ఏడ్చాను, సిగ్గెందుకు.

నా చెయ్యి తన రుమాలుతో చుట్టాక, ఆయన జాలీ కన్నంలో తన చెయ్యి పెట్టాడు. దూరలేదు. నా చెయ్యి వంక చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో దాన్ని ఎప్పుడూ చూడనట్టు చూశాడు.

"నీ గాజు సైజెంత?"

"రెండూ నాలుగు" అన్నాను వెక్కుతూ.

ఒక గాజు తీయించుకుని కన్నం మీద ఆనించాడు. గాజు లోపలి గుండ్రం, కన్నం ఒకటే. ఆ గాజు ఎక్కే ప్రతి చెయ్యీ అందులోంచి దూరుతుంది. సజ్జాలో చెయ్యి అంటే మగాడి చెయ్యే. ఫ్యాక్టరీలో ఆడమనిషి లేదు, లేబర్ క్యాంపుల్లో లేదు, ఆ దారిన నడిచి వెళ్లే ఆడమనిషి కూడా ఉండదు. ఇంతమంది కలిసి చేతులు పెట్టి చూశారు గానీ, ఇంట్లో రోజూ అన్నం పెట్టే చెయ్యి ఒక్కరికీ గుర్తు రాలేదు.

బాషా గారు లోపలికొచ్చి నెత్తురు చూసి, "యా అల్లా, ఏమైందప్పా?" అన్నాడు. మా ఆయన చెప్పాడు. బాషా గారు పాపం మంచివాడే, నా చెయ్యి చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. వెంటనే కంటైనర్ ఆపించాడు, జాలీ మార్చేదాకా ఈ మిషన్ కదలకూడదన్నాడు.

"సార్" అన్నాడు మా ఆయన. "ఇదే జాలీతో మూడు వెళ్లిపోయాయి."

బాషా గారు నా చేతికున్న రుమాలు వైపు చూశాడు. "చెల్లెమ్మని ఆసుపత్రికి తీస్కపో. రేపు చూద్దాం" అన్నాడు.

నా చేతికి మా వార్డువాళ్లే కుట్లు వేసి కట్టు కట్టారు. డ్యూటీకి సెలవు ఇచ్చారు. ఇంటికొచ్చాక ఆయన సోఫా అంచున కూర్చుని, తినకుండా, టీవీ పెట్టకుండా, గోడ వంక చూస్తూ ఉండిపోయాడు.

"అక్కడ షాపుల్లో ఆ మిషన్ దగ్గర ఎవరుంటారంటావ్?" అన్నాడు కాసేపటికి.

"ఎవరుంటారండీ! దుబాయ్ కరామాలో సూపర్ మార్కెట్టుకి వెళ్తే ఎవరుంటారు? కౌంటర్లో ఆడపిల్లలు, సామాను సర్దేది ఆడపిల్లలు. అట్టలు మాత్రం ఎవరో పఠాన్ వచ్చి సర్దుతాడా?"

ఆయన రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. చలికి దాచుకున్నట్టు.

"చెబితే ఫ్యాక్టరీకి యూరప్ వ్యాపారం ఖలాస్ అంటారు. నన్ను పంపించేత్తారు. చెప్పకపోతే…" అని ఆగిపోయాడు. "నాకు భయంగా ఉంది హెప్సీ."

"నాకూ భయంగానే ఉంది" అన్నాను. "వీసా పోతే మీరక్కడ, నేనిక్కడ. కానీ నా చేతికి ఎర్ర బటన్ దగ్గర మీరున్నారు. ఆ పిల్ల దగ్గర ఎవరున్నారు?"

ఎవరా పిల్ల? మాకు తెలీదు. ఉందో లేదో కూడా తెలీదు. కానీ ఆ సాయంత్రమంతా ఆ పిల్ల మా ఇంట్లోనే ఉన్నట్టుంది.

మర్నాడు పొద్దున్నే నేనూ ఆయనతో సజ్జా వెళ్లాను. కంపెనీ వ్యాన్‌లో నన్ను ఎక్కనివ్వరని ఇద్దరం టాక్సీలో పోయాం. బాషా గారి ఆఫీసు గదిలోకి వెళ్లి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడ్డాడు.

"సార్, పోర్చుగల్ ఏజెంటుకి ఫోన్ చెయ్యాలి. మూడు మిషన్లూ ఆపించెయ్యమనాలి. అక్కడి గవర్నమెంటుకి చెప్పమనాలి."

"కూచో అప్పా ముందు." బాషా గారు కణతలు నొక్కుకున్నాడు. "నేనూ రాత్రంతా ఆలోచించినా. చిన్నగా జేద్దాం. సర్వీసు పేరు జెప్పి కొత్త జాలీలు పంపిద్దాం. ఎవురికీ తెలీకుండా మార్చేస్తారు. కానీ ఇప్పుడు నువ్వు ఫోన్ జేసి ప్రమాదం అంటే, ఆ సి.ఇ. గుర్తు పెరికేస్తారు. మనకి వీసాలిచ్చిన ఓనరు, కఫీల్ మనల్ని వదుల్తాడా? ఈడ ఎంతమంది అన్నం తింటాండారో తెల్సు గదా? కొరివితో తల గోక్కుంటామా?"

"జాలీలు వెళ్లేసరికి ఎన్నాళ్లవుద్ది సార్?"

"ఓడలో పోవాల గదా."

"అన్నాళ్లు ఆ చేతులు…"

"యాడుండాయప్పా ఆ చేతులు? ఏమీ కాలేదు గదా ఇప్పటిదాకా? ఏమన్నా అయ్యుంటే ఫోన్ వచ్చేది గదా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

నాకు ఒళ్లు మండిపోయింది. కట్టుకట్టిన చెయ్యి తీసి ఆయన బల్ల మీద, ఫైళ్ల మీద పెట్టాను. "ఇదుంది బాషా గారూ. కందకి దురద ఉంది, చూడండి."

బాషా గారు దాని వంక చూడలేకపోయాడు. మా ఆయన వంక తిరిగి, గొంతు తగ్గించి, "సిలాస్, నా మాట దాటి ఫోన్ జేసినావనుకో, రేపట్నుంచి నువ్వీడ ఉండవు. నేను కూడా నిన్ను కాపాడలేను" అన్నాడు.

పెళ్లయినప్పటి నుంచీ ఆ మనిషి ఎవరికీ ఎదురు చెప్పగా నేను చూడలేదు. కూరలవాడికి కూడా చెప్పడు. ఇక అయిపోయింది, తల ఊపేసి వచ్చేస్తాడు అనుకున్నాను. ఆయన తల ఊపాడు. "అలాగే సార్" అన్నాడు. అని, జేబులోంచి మొబైల్ తీశాడు.

మిషన్ మీద అంటించే రేకుపలక మీద ఏజెంటు పేరూ నంబరూ ఉండాలని కూడా రూలు. ఆ నంబరు ఆయనకి కంఠతా వచ్చు. కానీ వేళ్లు నిలవడం లేదు. తప్పు నొక్కాడు. మళ్లీ తప్పు నొక్కాడు. నేను ఫోన్ లాక్కుని, ఆయన చెబుతుంటే ఎడమ చేత్తో నొక్కి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను. బాషా గారు ఆపలేదు. లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

అక్కడ అప్పుడే తెల్లారుతోంది. ఏజెంటు పెద్రో నిద్రగొంతుతో ఎత్తాడు. మా ఆయన ఇంగ్లీషు అంతంత మాత్రం, అందులో భయం. హ్యాండ్ గోయింగ్, లేడీ హ్యాండ్ గోయింగ్ అని అదే పనిగా అన్నాడు. మొదట పెద్రోకి అర్థం కాక విసుక్కున్నాడు. తర్వాత అర్థమైంది. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు.

"మై వైఫ్" అన్నాడు మా ఆయన.

లైన్ పెట్టెయ్యొద్దు, ఇంట్లో ఇంకో ఫోన్ ఉంది, దాంతో షాపులకి ఇప్పుడే మాట్లాడతాను అన్నాడు పెద్రో. మాకు అతని గొంతు దూరంగా వినబడుతోంది, వాళ్ల భాషలో. ఒక షాపులో ఎవరూ ఎత్తలేదట. ఇంకో షాపు తెరిచారు, యజమాని ఎత్తాడు, మిషన్ దగ్గర పనిచేసే అమ్మాయిని పిలుస్తున్నాడు అని మాకు ఇంగ్లీషులో చెప్పాడు. మళ్లీ వాళ్ల భాష. అటు ఎవరో ఆడపిల్ల గొంతు కీచుగా, నవ్వుతున్నట్టు.

పెద్రో మా లైన్లోకొచ్చి, "అవును, దూరుతుందట. ఆ అమ్మాయి రోజూ అలాగే చెయ్యి పెట్టి అట్టలు సర్దుతుందట" అన్నాడు. అతని గొంతు మారిపోయింది. "ఇందాకే మిషన్ ఆన్ చేసి వచ్చిందట. ఉండండి, ఎంతవరకూ దూరుతుందో చూసి చెబుతానని వెళ్లింది."

మా ఆయన బల్ల మీద పడ్డాడు. రెండు చేతులతో ఆ ఫోన్ పట్టుకుని, ఇంగ్లీషు మర్చిపోయి, నేను ఆ గొంతులో ఎన్నడూ వినని అరుపు అరిచాడు. "వద్దమ్మా! పెట్టకు! తల్లీ, చెయ్యి పెట్టకు!"

ఆ పిల్లకి వినబడదు. వినబడినా తెలీదు. అయినా అరుస్తూనే ఉన్నాడు. పెద్రో కూడా అటు అరుస్తున్నాడు, తన భాషలో, ఒకే మాట మళ్లీ మళ్లీ. షెడ్డులోంచి ఇద్దరు పనివాళ్లు తలుపు దగ్గరికొచ్చి నిలబడిపోయారు. నా కట్టులోపల చెయ్యి సలుపుతోంది. ప్రభువా, ప్రభువా అనుకుంటున్నాను, అంతకన్నా ప్రార్థన రావడం లేదు.

అటు అరుపు ఆగిపోయింది. ఏమీ వినబడటం లేదు. బాషా గారు ఎప్పుడొచ్చాడో మా పక్కకొచ్చి బల్ల అంచు పట్టుకుని ఫోన్ మీదికి వంగి ఉన్నాడు.

చాలాసేపటికి పెద్రో ఊపిరి వినబడింది. "యజమాని పరుగెత్తి మెయిన్ స్విచ్ తీసేశాడు" అన్నాడు. "చెయ్యి జాలీలో ఉంది. పలక ఇంకా పైనే ఉంది. చెయ్యి బాగానే ఉంది. ఆ అమ్మాయి తిడుతోంది, ఎందుకు ఆపారని."

మా ఆయన కుర్చీలో కాదు, నేల మీద కూర్చున్నాడు.

బాషా గారు ఫోన్ తీసుకున్నాడు. ముదీర్ గొంతుతో, ఇంగ్లీషులో, మూడు మిషన్లనీ ఆపాలని, ఇది కంపెనీ మాట అని, మీ ప్రభుత్వానికి ఏం రాయాలో రాయండని చెప్పాడు. మిగతా రెండు షాపులకి కారులో తనే వెళ్తాను, ఒక్కోదాని దగ్గర నుంచీ ఫోన్ చేస్తాను అన్నాడు పెద్రో.

ఫోన్ పెట్టాక బాషా గారు మా ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఇంటికి పో సిలాస్. మిగతాది నేను జూసుకుంటా. కఫీల్‌కి జెప్పాల గదా, నీ సంగతి…" అని ఆపేశాడు. ఆ ఉద్యోగం అక్కడితో పోయింది, ఈ క్వారీకి దారి పడింది అప్పుడే.

"తెలుసు సార్" అన్నాడు మా ఆయన. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఆ రెండు ఫోన్లూ రానివ్వండి. అప్పుడు వెళ్లిపోతాను."

బాషా గారు వెళ్లి తలుపు మూసి, పనివాళ్లని పంపేసి, తనూ వచ్చి నేల మీదే కూర్చున్నాడు. నేను మా ఆయనకి ఇటువైపు కూర్చున్నాను. మొదటి ఫోన్ వచ్చినప్పుడు మా ఆయన దాని వంక పామును చూసినట్టు చూశాడు, ఎత్తమని నాకు సైగ చేశాడు. రెండో షాపు మిషన్ ఆపారు, అక్కడ నడిపేది మగవాడే, లావుపాటివాడు. రెండో ఫోన్ రావడానికి చాలా ఆలస్యమైంది. మధ్యాహ్నం నమాజు వేళ అయింది, బాషా గారు లేవలేదు. చివరికి మోగింది. మూడో షాపు మూసి ఉంటే పెద్రో యజమాని ఇంటికి వెళ్లి తాళాలు తెప్పించి తెరిపించాడట. ప్లగ్గు పీకి జేబులో వేసుకున్నాను అన్నాడు. అక్కడ పనిచేసేది ఇద్దరు అక్కచెల్లెళ్లట.

మా ఆయన లేవబోయాడు. కాళ్లు పట్టక మళ్లీ కూలబడ్డాడు. బాషా గారు వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు గానీ ఆయన చేతులు గ్లాసు పట్టుకునే స్థితిలో లేవు, నీళ్లు చొక్కా మీద ఒలికిపోయాయి. నేను పట్టుకుందామంటే నా చేతికి కట్టు. అప్పుడు ముదీరే ఒక చేత్తో మా ఆయన తల వెనక పట్టుకుని, ఇంకో చేత్తో గ్లాసు నోటి దగ్గర పెట్టి, "తాగప్పా, చిన్నగా" అంటూ నీళ్లు తాగించాడు.